నా గూట్లో మరొకతె

నేను ఒక సిమ్ కార్డును. చిటికెన వేలి గోరంత ఉంటాను. ప్రస్తుతం నరసాపురంలో ఒక ఇంటి భోజనాల బల్ల మీద, ఆవకాయ జాడీ పక్కన, స్టీలు మూతలో వెల్లకిలా పడి ఉన్నాను. నా చుట్టూ ఒక కుటుంబం కూర్చుని పోట్లాడుకుంటోంది. పోట్లాట ఎప్పుడో మొదలైంది. పులుసు చల్లారిపోయింది, వడియాలు మెత్తబడిపోయాయి, ఒక్కరూ తగ్గడం లేదు.

"చవకది ఉండగా ఖరీదైనది దేనికంట?" అంటున్నాడు ఇంటాయన పేర్రాజు. లేసు సరుకు కట్టలు కట్టించి ఓడకెక్కించే పని ఆయనది. చేతులకి ఎప్పుడూ పురికొస వాసన. "రెండూ ఇంటర్నెట్ ఫోను సర్వీసులేగా! మాట వినపడితే చాలదా?"

"ఆ చవకదాంతోనేగా నాన్నా పోయినసారి కొంప మునిగింది," అంది కూతురు లహరి. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతోంది, సెలవులకి వచ్చింది. "అమ్మ మిలాన్ నుంచి చేసిన ప్రతిసారీ ఇక్కడ ఒక్కో దేశం నంబరు పడింది. పల్లెలో లేసు అల్లే మార్తమ్మేమో ఎవరో మోసగాళ్ళనుకుని కట్ చేసేసింది. నెలనెలా కట్టేదైతే మన దేశం నంబరే ఇస్తారు. అమ్మ ఎక్కడున్నా అదే పడుతుంది."

"వాట్సాప్ ఉందిగా ఊరికే?"

"మార్తమ్మది బటన్ ఫోను నాన్నా. దాంట్లో వాట్సాప్ ఎక్కడుంటుంది? కొన్ని దేశాల్లో అయితే వాట్సాప్ కాల్ అసలు కలవదు కూడానూ."

"పోనీ, ఉన్న సిమ్ముకే రోమింగ్..."

"ఆ మాట ఎత్తకండి," అంది లహరి తల్లి హైమవతి. ఆ విసురుకి గరిటె బల్ల మీద ఠక్కుమంది. ఇందాక నన్ను పిన్నీసుతో పొడిచి ఫోనులోంచి బయటికి లాగి, "దీన్ని తియ్యలేక, పెట్టలేక చస్తున్నాను" అని ఈ మూతలో పడేసింది కూడా ఆవిడే.

"నన్నెవరూ అడగరు లెండి," అంది పేర్రాజు తల్లి సీతారత్నం, మజ్జిగన్నం కలుపుకుంటూ. "అడగడానికి నాకేం తెలుసు? నా ఫోనుకొచ్చేవన్నీ ప్లాటు కొంటారా అమ్మా అని అడిగేవేగా."

ఎవరూ అడగలేదు. ఆవిడ అన్నట్టే జరిగింది.

ఈ ఇంటి కోడలు హైమవతి సగం ఏడాది విమానాల్లోనే ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు అల్లే లేసు టేబుల్ క్లాతులూ కర్టెన్లూ తీసుకెళ్ళి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ, మిలాన్‌లోనూ, దుబాయిలోనూ ప్రదర్శనల్లో పెట్టి ఆర్డర్లు తెస్తుంది. వచ్చే వారం మళ్ళీ ప్రయాణం. అంత దూరం నుంచి పల్లెలో వాళ్ళతో చవగ్గా, తెగిపోకుండా మాట్లాడాలంటే ఏ సర్వీసు తీసుకోవాలన్నది వీళ్ళ తగువు. వీళ్ళకిది ఖర్చు గొడవ. నాకు కాపురం గొడవ. ఎందుకో చెబుతాను వినండి.

నేను ఎక్కడ పుట్టానో నాకు గుర్తులేదు. అందరూ ఒకే పోలికతో ఉన్న ఒక పెద్ద గుంపులోంచి వచ్చానని మాత్రం తెలుసు. అందరికీ నుదుటి మీద అదే బంగారపు బిళ్ళ, అదే ఒక మూల కత్తిరించిన ఆకారం. బస్టాండు దగ్గర ఒక కొట్లో గాజు పలక కింద పడుకుని ఉండగా సీతారత్నం భర్త రంగారావుగారు వచ్చారు. అప్పటికాయన బతికే ఉన్నారు. "గుర్తుండే నంబరియ్యవయ్యా. మా ఆవిడ దగ్గర లేసు అల్లే ఆడాళ్ళకి చదువు రాదు, నోటికి రావాలి," అన్నారు. నా నంబరు చివర అంకెలు జంటలు జంటలుగా ఉంటాయి. పైకి చదివితే పాటలా పలుకుతుంది. ఆయన రెండుసార్లు పలికి చూసుకుని నన్ను ఎంచుకున్నారు. అంతమందిలో నన్ను! ఆ రోజు మొదలు నాకు కాస్త గర్వం పట్టుకుంది. అది తప్పంటే నేనొప్పుకోను.

అలా సీతారత్నం ఫోనులో కాపురానికొచ్చాను. వీధి గోడ మీద నీలిరంగుతో 'లేసు పని ఇవ్వబడును' అని రాయించి, దాని కింద నన్ను రాయించారు. సీతారత్నం నన్ను లేసు సూదుల సంచిలో పెట్టుకుని ఊరూరూ తిరిగేది. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల లేసు గురించి ఎవరికి ఏం కావాలన్నా నాలోంచే పోవాలి. దారం చాల్లేదంటే నేను. పువ్వుకి రేకులెన్నంటే నేను. "అమ్మగారూ, మా అమ్మాయికి నొప్పులండి, ఈ వారం సరుకివ్వలేనండి" అంటే అదీ నేనే. ఆవిడ అవతలివాళ్ళకి ఫోను అక్కర్లేకుండా వినపడేటంత గట్టిగా మాట్లాడేది. నాకది ఇష్టం. గూట్లో నేనొక్కదాన్నే. రెండో గూడే లేదు ఆ ఫోనుకి.

రంగారావుగారు పోయాక, సీతారత్నానికి కంటి ఆపరేషన్ అయ్యాక, వ్యాపారం కొడుకూ కోడలి చేతికొచ్చింది. "నంబరు వ్యాపారానిదమ్మా, మనిషిది కాదు," అన్నాడు పేర్రాజు. తల్లి "తీసుకోండి" అంది. మనుషులు 'తీసుకోండి' అన్నప్పుడు వాళ్ళ మొహం కూడా చూడాలి. ఆ రోజు ఎవరూ చూడలేదు. అందరూ హైమవతి కొన్న కొత్త ఫోను వైపు చూస్తున్నారు.

ఆ కొత్త ఫోనులో గూడు మరీ ఇరుకు. నేను పట్టలేదు. కొట్టువాడు నన్నొక కోత పరికరంలో పెట్టి ఒక్క నొక్కు నొక్కాడు. నా చుట్టూ ఉన్న తెల్లటి చట్రం ఊడి బల్ల మీద పడింది. ఆడపిల్లకి కాపురం మారితే ఇంటిపేరు మారుతుందంటారు. నాకు ఒళ్ళే మారింది. కూడా వచ్చిన సీతారత్నం చెయ్యి చాపి, "ఆ చట్రం ఇలాగియ్యి" అంది.

"దేనికమ్మా అది?" అన్నాడు పేర్రాజు.

"దేనికో ఒకదానికి."

లేసులో కిటికీ గళ్ళు కొలుచుకోడానికి పనికొస్తుందనుకుందేమో అనుకున్నాను నేను.

ఆవిడకి వేరే సిమ్ము కొనిచ్చారు. ఆ పిల్లకి పరిచయస్తులెవరూ లేరు. ప్లాట్లు అమ్మేవాళ్ళు తప్ప ఎవరూ పలకరించరు. సీతారత్నం ఆ నంబరు ఇవాళ్టికీ నేర్చుకోలేదు. ఎవరైనా మీ నంబరు చెప్పండంటే నాదే చెబుతుంది.

హైమవతి దగ్గర నా బతుకు ఇంకా పెద్దదయింది. కొనేవాళ్ళంతా ఆవిడతో మెయిళ్ళలో మాట్లాడినా, పల్లెలన్నీ నాతోనే మాట్లాడేవి. కానీ ఒక చిక్కుండేది. ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట, "పెద్దమ్మగారు బాగున్నారాండీ?" ఆ మాట వినగానే హైమవతి గొంతు ఒక మెట్టు దిగేది. "బాగున్నారు, విషయం చెప్పు," అనేది. అసూయ ఎలా ఉంటుందో నాకు మొదట నేర్పింది ఆ గొంతే. తర్వాత నేను గురువుని మించిపోయాననుకోండి.

మొదటిసారి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళినప్పుడు నేను కూడా వెళ్ళాను. నన్ను తియ్యాలని ఆవిడకి తెలియదు, నెట్ ఆపాలని అసలే తెలియదు. పరాయి దేశంలో, పరాయి గాలిలో, ఒక్క క్షణం విశ్రాంతి లేకుండా చాకిరీ చేశాను. ఫొటోలు మోశాను, మెయిళ్ళు మోశాను, లహరి అడిగిన చాక్లెట్ల బొమ్మలు కూడా మోశాను. తిరిగొచ్చాక బిల్లు చూసి పేర్రాజు కుర్చీలో కూలబడ్డాడు. అంత కష్టపడిందానికి కాస్త గుర్తింపు ఉంటుందనుకున్నాను. "దొంగముండ" అన్నాడు. నన్నే!

అప్పట్నుంచి నాకు వనవాసం మొదలైంది. విమానం దిగగానే హైమవతి జాకెట్టుకున్న పిన్నీసు తీసి నన్ను బయటికి పొడుస్తుంది. ఆ ఊరి సిమ్ము కొని నా గూట్లో పెడుతుంది. నన్ను టిష్యూ కాగితంలో చుట్టి చిల్లర పర్సులో వేస్తుంది, తలనొప్పి మాత్రల పక్కన. పర్సులోంచి అన్నీ వినపడతాయి. నా గూట్లో కూర్చున్న ఆ ఇటలీది ఎంత తియ్యగా మోగేదో! ఆ జర్మనీది పాస్‌పోర్టు చూపిస్తే గానీ గూట్లో అడుగు పెట్టలేదు. దుబాయిది విమానాశ్రయంలో ఊరికే చేతికొచ్చింది, ఊరికే వచ్చినదాని బుద్ధులే దానికున్నాయి. అవన్నీ నాలుగు రోజుల మురిపెం. తిరుగు ప్రయాణంలో వాటిని చెత్తబుట్టలో వేసి నన్ను మళ్ళీ గూట్లో పెడుతుంది కదా అని సరిపెట్టుకునేదాన్ని. సవతి చెత్తబుట్టలో పడే చప్పుడు ఎంత చిన్నదో మీకు తెలియదు. నాకు తెలుసు. ప్రతిసారీ చెవులారా విన్నాను.

పోయినసారి మిలాన్‌లో అసలైనది వచ్చింది. ఇంటర్నెట్ ఫోను యాప్. దానికి ఒళ్ళు లేదు. గూడు అక్కర్లేదు. పిన్నీసుతో పొడవడానికి లేదు, చెత్తబుట్టలో వెయ్యడానికి లేదు. హోటల్లో వైఫై ఉంటే చాలు, గాల్లోంచి ఊడిపడుతుంది. జుట్టు పట్టుకుందామంటే జుట్టు లేని దానితో ఎలా పోట్లాడాలి చెప్పండి? పైగా చవకట! ఆ ముక్క హైమవతి నోట్లోంచి ఎంత ముద్దుగా వచ్చిందనీ. నన్నెప్పుడూ చవక అనలేదు, ఆ బిల్లు తర్వాత.

కానీ ఆ ఒళ్ళు లేనిదానికి మొహం కూడా లేదు. ఒకసారి ఒక దేశం నంబరు, ఇంకోసారి ఇంకో దేశం నంబరు వేసుకుని పోతుంది. మార్తమ్మ పల్లెలో లేసు ఆడవాళ్ళందరికీ పెద్ద. ప్లస్సు గుర్తుతో పొడుగు నంబరు కనిపిస్తే ఎత్తొద్దని చర్చిలో ఆమెకి ఎవరో చెప్పారు. ఆమె ఎత్తలేదు. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు కట్ చేసింది. పాపం ఆమె హైమవతికే ఫోన్ చేస్తూ ఉండేది, అంటే నాకు. పల్లెకి నోటికొచ్చింది నా నంబరొక్కటే. నేను పర్సులో ఉన్నాను.

ఆమెకి కావలసింది ఒక్క మాట. మిల్లు నుంచి తెల్లదారం బదులు మీగడ రంగు దారం వచ్చింది. అల్లిక మొదలుపెట్టాలా, వెనక్కి పంపాలా? ఆ ఒక్క మాట దొరక్క వారం పైన పల్లెంతా సూదులు పక్కన పెట్టి కూర్చుంది. నిజానికి వచ్చింది సరైన దారమే. ఆలస్యమయిన సరుకుని ఓడ మీద కాకుండా విమానంలో పంపాల్సొచ్చింది. ఆ ఆర్డరు మీద లాభమంతా విమానం రెక్కల కిందకి పోయింది. అందుకే ఈ తగువు, ఈ చల్లారిన పులుసు.

"తప్పు మార్తమ్మది," అంటున్నాడు పేర్రాజు. "ఫోను కలవకపోతే ఇంటికి రావచ్చుగా? ఎంత దూరమని?"

మజ్జిగన్నంలో సీతారత్నం చెయ్యి ఆగింది. నేను చూశాను. చూడడం తప్ప మూతలో నాకు వేరే పనేముంది?

అప్పుడే వీధి తలుపు దగ్గర అలికిడయింది.

"అమ్మగారూ! ఉన్నారాండీ? ఆయ్, నేనేనండి, మార్తమ్మని!"

చంకలో పెద్ద సంచితో లోపలికొచ్చి, గోడ వారగా కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. "భోజనాల ఏళకొచ్చేసేనండి, ఏవనుకోకండి. ఇందాకట్నుంచి ఫోన్ చేత్తంటే స్విచ్ ఆఫ్ అంటందండి. మళ్ళీ విమానం ఎక్కేసేరేవో అని గుండె గుభేలుమందండి."

అందరూ మూత వైపు చూశారు. నేను అక్కడే వెల్లకిలా ఉన్నాను.

"ఇక్కడే ఉన్నాను మార్తమ్మా. అన్నం తిను," అంది హైమవతి.

"తినొచ్చేనండి. సరుకిచ్చి పోదావని. అయినా ఆ ఫోనులో అమ్మాయి స్విచ్ ఆఫ్ అంటే నాకు జడుపండి. పోయినసారీ అలాగే అందా, పరిగెత్తుకుంటా ఇక్కడికొచ్చేనా, పెద్దమ్మగారేవో నన్నడుగుతావేంటే, నంబరున్నోళ్ళనడుగు అన్నారా. నంబరున్నోళ్ళు ఎత్తరు, లేనోళ్ళు చెప్పరు. ఇంక మేవేం చేత్తావండీ, సూదులట్టుకుని కూకున్నాం." నవ్వింది. ఆమె తప్ప ఎవరూ నవ్వలేదు.

"పోయినసారి ఇక్కడికి వచ్చావా?" అన్నాడు పేర్రాజు.

"రాకపోతే ఎలాగండి? బాబుగారు ఊళ్ళో లేరండి, వైజాగెళ్ళేరంట. పాపగారు కాలేజీ. పెద్దమ్మగారే ఉన్నారు."

లహరి లేచి సంచి అందుకుంది. మార్తమ్మకి మంచినీళ్ళిచ్చింది. మార్తమ్మ గదిలో గాలి మారిన సంగతి కనిపెట్టి, చెప్పకూడనిదేదో చెప్పానన్న మొహంతో, "ఉంటానండి, పెద్దమ్మగారూ. కళ్ళు జాగ్రత్తండి," అని వెళ్ళిపోయింది.

పేర్రాజు కుర్చీ తల్లి వైపు తిప్పాడు.

"అమ్మా," అన్నాడు పేర్రాజు. "ఆ దారం సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"మీగడ రంగే కావాలని?"

"నమూనా అల్లింది నేనే కదరా. మీగడ రంగే."

"మరి చెప్పలేదేం? మేమొచ్చాకైనా చెప్పలేదేం?"

సీతారత్నం చెయ్యి కడుక్కోకుండా కంచంలో వేళ్ళతో గీతలు గీసింది. "నంబరిచ్చేశాక మాట కూడా ఇచ్చేసినట్టే అనుకున్నాను. గుమ్మంలోకొచ్చి మార్తమ్మ అడిగినప్పుడు నోటి చివరిదాకా వచ్చిందిరా. ఇంతలో 'హైమమ్మగారు ఎత్తట్లేదండి, అందుకే మీ దగ్గరికొచ్చేను' అంది. ఎత్తి ఉంటే నా గుమ్మం తొక్కేది కాదుగా."

"దానికని ఊరందరి పనీ ఆపేస్తావా?" పేర్రాజు గొంతు పెరిగింది.

"ఏవండీ, చాలు," అంది హైమవతి.

నేను ఆవిడ మొహం చూస్తున్నాను. కోపం వచ్చింది. రావలసిందే, పోయింది ఆవిడ లాభం, మిలాన్ వాళ్ళ దగ్గర మాట పడిందీ ఆవిడే. ఏదో గట్టి మాటే నోట్లో తయారైంది. కానీ కిటికీలోంచి వీధిలోకి, మార్తమ్మ వెళ్ళిన దారి వైపు ఒకసారి చూసింది. కళ్ళు జాగ్రత్తండి అని మార్తమ్మ చెప్పింది అత్తగారికి. కోడలికి ఉంటానండి అని కూడా చెప్పలేదు. ఆ సంగతి హైమవతికి తగిలిందని నాకు తెలుసు. ఆ దెబ్బ తగిలే చోటు నాకు బాగా పరిచయం. ఆ గట్టి మాట మింగేసి, లేచి, కంచాలు తీసింది. పులుసు గిన్నె మీద మూత పెట్టబోయి, ఆ మూతలో నేనుండటం చూసి ఆగిపోయింది. నన్ను వేలి కొస మీద ఎత్తుకుని చాలాసేపు చూసింది.

ఇంక అయిపోయింది అనుకున్నాను. నెలనెలా కట్టే ఆ ఖరీదైన, మన దేశం నంబరున్న మహారాణి వస్తుంది. నాకు చెత్తబుట్టే. సవతులందరూ పడిన చోటే నేనూ పడతాను. వాళ్ళు పడినప్పుడు చెవులారా విన్నదాన్ని కదా.

హైమవతి వంటింటి తలుపుకి ఆనుకుని నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచకుండానే అందరికీ వినపడింది.

"చవకదే తీసుకుంటున్నాను."

"అదేంటమ్మా?" అంది లహరి. "మళ్ళీ వాళ్ళు కట్ చేసేస్తారు కదా."

"వాళ్ళకి నేను చెయ్యను. ఒక్క మనిషికి చేస్తాను. ఈ సిమ్ము అత్తయ్య ఫోనులో వేస్తున్నాను. నంబరు ఆవిడది. పల్లెల్లోంచి ఎవరు చేసినా ఆవిడే ఎత్తుతారు, ఆవిడే చెబుతారు. తెలియనిది నన్నడుగుతారు. ఇంట్లో ఉన్నప్పుడు నా ఫోనులో అత్తయ్య సిమ్ము వేసుకుంటాను."

పేర్రాజు నోరు తెరిచాడు. "ఎన్నాళ్ళకి? ఈ ప్రయాణానికేనా?"

"ప్రయాణానికి కాదు."

"మరి బ్యాంకు ఓటీపీలు? అవి దీనికేగా వచ్చేది?"

"నాకు అంకెలు రావనుకుంటున్నావా?" అంది సీతారత్నం. ఆవిడ బల్ల ముందు నుంచి ఇంకా లేవలేదు. "లేసులో గళ్ళు లెక్కపెట్టినదాన్ని, ఆ నాలుగంకెలు చదవలేనా?"

"ఆరు మామ్మా," అంది లహరి.

"ఆరైతే ఆరు."

"కానీ మామ్మా, అమ్మ చేసినప్పుడల్లా వేరే నంబరు పడుతుంది. నువ్వు కూడా కట్ చేసేస్తే?"

సీతారత్నం కోడలి వైపు చూసింది. చాలా రోజుల తర్వాత నేరుగా చూసింది. "ఎన్ని నంబర్లతో వచ్చినా దాని గొంతు నాకు తెలియదా?"

హైమవతి తలుపు దగ్గరే నిలబడి చీర కొంగుతో నన్ను తుడిచింది. ఆవకాయ నూనె మరక పోయేదాకా తుడిచింది. ఆ పల్లెలన్నీ ఇక ఆవిడ చేతిలోంచి జారిపోతున్నాయని ఆవిడకి తెలుసు. పెద్దమ్మగారు బాగున్నారా అన్న ప్రశ్న ఇక ఆవిడ చెవిన పడదు. పెద్దమ్మగారే ఎత్తుతారు కాబట్టి.

"కానీ ఇది చిన్నది కదా," అన్నాడు పేర్రాజు, ఆఖరి ప్రయత్నంగా. "అమ్మ ఫోను గూడు పెద్దది. ఇది అందులో నిలవదు."

సీతారత్నం అప్పుడు లేచింది. చెయ్యి కడుక్కుని, తన గదిలోకి వెళ్ళి, బిస్కట్ల డబ్బా పట్టుకొచ్చింది. లేసు సూదులు, విరిగిన పూసలు, దారపు ఉండలు. వాటన్నిటి అడుగు నుంచి, మెత్తటి గుడ్డ ముక్కలో చుట్టిన తెల్లటి ప్లాస్టిక్ చట్రం తీసింది. ఒక మూల కత్తిరించిన ఆకారం. మధ్యలో గోరంత ఖాళీ.

అది చూసి హైమవతి నన్ను అత్తగారి అరచేతిలో పెట్టింది.

ముసలి వేళ్ళు నన్ను ఆ ఖాళీలోకి తోశాయి. ఒకసారి తిరగేసి తోశాయి, రెండోసారి సరిగ్గా తోశాయి. ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో తిరిగానా, ఆ ఖాళీ నా కొలతకి ఒక్క వెంట్రుక కూడా మారలేదు.

ఇంతలో హైమవతి ఫోను బల్ల మీద మెరిసింది. అందులోకి అప్పుడే ఆ ఒళ్ళు లేనిది వచ్చి కూర్చుంటోంది. లహరి వేలితో దాన్ని మళ్ళీ దించుతోంది. నా గూట్లోకి ఆ ప్లాట్ల పిల్ల వెళుతుంది. వెళ్ళనీ. దానికీ కోత తప్పదు. ఆ ఒళ్ళు లేనిది వచ్చే వారం దుబాయిలో గాల్లోంచి ఊడిపడి, మొహం మార్చుకుంటూ, ఎవరికి మోగాలో తెలుసా? నాకు. ఎత్తాలో కట్ చెయ్యాలో చూసుకునేది మేమిద్దరం, సీతారత్నమూ నేనూ.

ఎత్తుతాం లెండి. రెండుసార్లు మోగనిచ్చి ఎత్తుతాం.